మందు అనకు తమ్మీ

మైకు సారు పోయాడని కార్డు వచ్చింది. బదిలీల మీద జిల్లాలు తిరిగే నన్ను వెతుక్కుంటూ ఆ కార్డు రెండు ఆఫీసులు తిరిగింది. చేతికందేసరికి దినాలు కూడా అయిపోయాయి. ఇప్పుడు వెళ్లినా ఇంటి ముందు కాసేపు నిలబడి రావడం తప్ప చేసేదేమీ లేదు. అందుకని గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. రాసినా గుర్తుపట్టేవాళ్లు తక్కువ. ధర్మసాగర్ నుంచి రఘునాథపల్లి దాకా ఏ ఊళ్లో అడిగినా మైకు సారు అంటేనే తెలుసు. ఆరోగ్య శాఖలో ప్రచారం ఉద్యోగం ఆయనది. కాగితం మీద దానికి ఒక పెద్ద ఇంగ్లీషు పేరు ఉండేది. ఎక్కడైనా రోగం మొదలైతే జీపుకు మైకు కట్టుకుని పోయి, ఏం తాగాలో ఏం తాగకూడదో చెప్పి రావడం పని. పొట్టి మనిషి. మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, బుగ్గన శొంఠి ముక్క. కుడిచేత్తో మైకు పట్టుకుని ఎడమచేత్తో చెవి మూసుకునేవాడు. తన గొంతు తనకు వినపడితే మాటలు ఎక్కువవుతాయని ఆయన నమ్మకం.

ఊరి నడుమ జీపు ఆపి, ఇంజను కూడా ఆపించేవాడు. “ఉరుకుతున్న జీపులకెల్లి చెప్తే ఎవలకు సమజైతది?” అని డ్రైవరుతో రోజూ తగువు. ఆ తర్వాత మూడే మాటలు. “నీళ్లు కాగబెట్టుకొని తాగుండ్రి. చేతులు కడుక్కొని తినుండ్రి. కక్కుడు, పారుడు మొదలైతే ఆగకుండ దవాఖానకు పట్కరాండ్రి.” నాలుగో మాట చెబితే మొదటిది మరిచిపోతారనేవాడు. ఇదే మూడుసార్లు చెప్పి, మైకు కట్టేసి, కిందికి దిగి ఎవరో ఒక ముసలమ్మ పక్కన కూర్చునేవాడు.

“నేనేం చెప్పిన అవ్వా?”

“నీళ్లేమో కాగబెట్టుమంటివి.”

“ఎంతసేపు?”

“గది నువ్వు చెప్పలే.”

వెంటనే జేబులోంచి పెన్సిలు తీసి రాసుకునేవాడు. తర్వాతి ఊళ్లో ఆ మాట మారేది. బుడగలు లేచేదాకా కాగబెట్టమని చెప్పేవాడు. ఒకసారి ఒకామె, చేతులు కడుక్కోమన్నావు, తిన్నాకనే కదా అంది. ఇంకో ఊళ్లో ఒక పెద్దాయన, కాగిన నీళ్లు కాగినట్టే తాగాలా, నోరు కాలదా అని అడిగాడు. అన్నీ రాసుకునేవాడు. తాను చెప్పింది కాదు, వాళ్లు విన్నదే ప్రచారం అని ఆయన లెక్క. ఇంత చిన్న సంగతి మా ఆఫీసులో ఇంకెవరికీ తట్టలేదు, నాతో సహా.

ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్తల్లో నేనక్కడ గుమాస్తాగా చేరాను. వరంగల్ బజారులో మా నాన్నది కిరాణా దుకాణం. మా ఇంట్లో మొదటి బి.ఏ. నేనే, అదీ తెలుగులో. ప్రకటనలు రాసే పని నాకు అప్పగించారు. ఎన్నాళ్లుగానో దాచుకున్న భాషంతా దాని మీద కుమ్మరించాను. “మహాజనులారా, అతిసార వ్యాధి ప్రబలుచున్నందున జలమును మరిగించి, చల్లార్చి సేవింపవలెనని విజ్ఞప్తి.” మైకు సారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“మంచిగ రాసినవ్ తమ్మీ. ఎవల కోసం రాసినవ్?”

“ప్రజల కోసమే గద సార్.”

“అయితే పా, మా అవ్వకు ఇనిపిద్దాం.”

నిజంగానే హన్మకొండలో వాళ్లింటికి తీసుకెళ్లాడు. వాళ్ల అవ్వ గోడకానుకుని బియ్యం ఏరుతోంది. నేను గొంతు సవరించుకుని చదివాను. ఆమె చివరిదాకా విని, చాట పక్కన పెట్టి, “పాపం, ఎవలో పెద్దమనిషి పోయినట్టున్నడు” అంది. మైకు సారు నవ్వలేదు. బయటికొచ్చాక మాత్రం, “అతిసారం అంటే మా అవ్వ బియ్యం ఏరుకుంట కూసుంటది. గత్తర అంటే లేచి ఉరుకుతది” అన్నాడు. మా వైపు కలరాను గత్తర అంటారు. జనం బెదిరిపోతారని ఆ మాట కాగితం మీద రాయనిచ్చేవారు కాదు. ఆయన మాత్రం మైకులో అదే అనేవాడు. అడిగితే శొంఠి ముక్క అడ్డమొచ్చి నోరు జారిందనేవాడు.

ఇంత తెలిసినవాడి మాట నేను వినలేదు. ఇక ఆ సంగతి.

మరుసటేడు తొలకరికి ధర్మసాగర్ అవతల ఒక ఊళ్లో గత్తర మొదలైంది. ఇద్దరు పోయారు. ఆ ఊరి బావిలో, చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో బ్లీచింగ్ పొడి కలపమని ఉత్తర్వు వచ్చింది. ప్రకటన నేనే రాశాను. ‘మీ ఊరి బావిలో మందు కలుపుతున్నాము. భయపడవద్దు.’

“మందు అనకు తమ్మీ” అన్నాడు మైకు సారు. “పొడి అను. సున్నం అసొంటి పొడి అను.”

పొడి అంటే ముక్కుపొడిలా ఉంటుందన్నాను.

“మందు పెట్టిండ్రంటే ఏందో నీకెరుక లేదా?”

ఎరుకే. మా వైపు ఎవరైనా ఉన్నట్టుండి చిక్కిపోతే, కాపురం చెడితే, గిట్టనివాళ్లు అన్నంలో మందు పెట్టారంటారు. అది మూఢనమ్మకమనీ, చదువుకున్నవాళ్లం దానికి జడిసి మాటలు మార్చుకోకూడదనీ ఏదో చెప్పాను. అసలు సంగతి అది కాదు. కాగితం మీద అప్పటికే పెద్దసారు సంతకం అయింది. మళ్లీ టైపు కొట్టించి, మళ్లీ సంతకానికి నిలబడే ఓపిక నాకు లేక అలా అన్నాను. ఆ రోజు చాలా ఊళ్లు తిరగాల్సి ఉంది. దిగి ముసలమ్మలను అడిగే టైము లేదని తొందరపెట్టిందీ నేనే. ఆయన ఉన్నది ఉన్నట్టు చదివాడు.

ఆ జీపుకు రెండు పక్కలా ఎర్ర త్రికోణం ఉండేది. ఎమర్జెన్సీ రోజుల్లో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లకు జనాన్ని పిలిచింది ఆ జీపే, ఆ మైకే, ఆ గొంతే. ఆ రోజుల్లో ఆయన గొంతు వినపడగానే మగవాళ్లు పొలాల్లో పడి పరిగెత్తేవారట. తన మాట విని మనుషులు పారిపోవడం కళ్లారా చూసినవాడు ఆయన. ఇప్పుడు అదే గొంతు బావిలో మందు కలిపాం, భయపడవద్దు అంది. జనం ఏమనుకోవాలో అదే అనుకున్నారు.

మూడోనాడు గత్తర మొదలైన ఊరికే వెళ్లేసరికి చేదబాయి దగ్గర ఒక్క బిందె లేదు. ఊరంతా కుంట నీళ్లు తాగుతోంది. ఇంకా నలుగురు మంచాన పడ్డారు. మైకు సారు జీపు ఊరి బయటే ఆపించి నడిచి వచ్చాడు. బావి గట్టు మీద కొమురవ్వ అనే ఆమె కూర్చుని ఉంది. అప్పటికి నలభై అయిదేళ్లు ఉంటాయేమో. ఊళ్లో ఆడవాళ్లంతా ఆమె మాట వింటారు.

“నేనేం చెప్పిన అక్కా?” అని అడిగాడు, ఎప్పటిలాగే.

“బాయిల మందు పెట్టినమని చెప్పినవ్” అంది ఆమె.

ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. బావిలోంచి చెంబుడు నీళ్లు చేది, అందరి ముందూ గటగటా తాగాడు.

“నువ్వు తాగితే ఏమాయె సారు?” అంది కొమురవ్వ. “నీకు పిల్లలు అయిపోయిరి. మావోళ్లకు ఇంక కావాలె.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను ముందుకొచ్చి చెంబు అందుకుని తాగాను. అప్పటికి నాకు పెళ్లి కాలేదు.

“నువ్వు మొగోనివి పిలగా. మొగోనికేమైతది? పండవలసింది ఆడిదాని కడుపు” అంది.

మర్నాడు పొద్దున జీపు దగ్గరికి వెళితే ముందు సీట్లో ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. ఒళ్లో చిన్న చేతిసంచి. ఆయన బిడ్డ సరోజన. పందొమ్మిదేళ్లు. మాఘంలో పెళ్లి చేసి మరిపెడకు పంపారు. ఆషాఢంలో కొత్తకోడలు అత్తగారింట ఉండకూడదు కనుక పుట్టింటికి వచ్చింది. వాళ్లమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదని తర్వాత తెలిసింది.

బావి దగ్గర ఆయన మైకు తీయలేదు. “ఇది నా బిడ్డ. పెండ్లై ఆర్నెల్లు. పదిరోజులు మీ ఊళ్లెనే ఉంటది. మీ బాయి నీళ్లే తాగుతది. మీరు చూస్తాంగనే తాగుతది” అన్నాడు. సరోజన దిగి, చెంబు అడిగి, తాగింది. కొమురవ్వ చాలాసేపు ఆ పిల్ల మొహంలోకి చూసింది. తర్వాత ఆమె చేతిలోని సంచి తీసుకుని, “నా ఇంట్ల ఉంటది” అంది.

రెండోనాటికి బావి దగ్గర బిందెలు వచ్చాయి. పది రోజుల్లో గత్తర పోయింది. సరోజనను తీసుకురావడానికి వెళ్లినప్పుడు ఊరి ఆడవాళ్లంతా కలిసి, సొంత ఆడబిడ్డను పంపినట్టు, గాజులు తొడిగి, రైక ముక్క పెట్టి, ఒడిబియ్యం పోశారు. ఆ పిల్ల ఒడి నిండా బియ్యం పట్టుకుని జీపెక్కలేక అవస్థపడింది. మైకు సారు అంత సంతోషంగా ఉండగా నేను మళ్లీ చూడలేదు.

సరోజనకు పిల్లలు పుట్టలేదు.

బ్లీచింగ్ పొడికీ దానికీ ఏ సంబంధమూ లేదు. పట్నాల్లో కుళాయిల్లో వచ్చేవి ఆ పొడి కలిపిన నీళ్లే, వాటిని తాగుతూ వీధికి ఇంతమంది పుడుతూనే ఉన్నారు. ఇది నాకు తెలుసు, ఆయనకు తెలుసు. ఆ ఊరికి తెలియదు. ఎప్పుడు అటు వెళ్లినా కొమురవ్వ ఎదురొచ్చి, “బిడ్డకేమన్న ఇశేషమా సారు?” అని అడిగేది. మొదటి రెండేళ్లు ప్రేమతో అడిగింది. మూడో ఏడు అడిగి, జవాబు వినకుండా బావి వైపు చూసింది. అయిదో ఏడు అడగలేదు. ఆ రోజు తిరిగి వస్తూ ఆయన అన్నాడు, “అడుగుడు బందు వెట్టింది తమ్మీ. ఆమెకు జవాబు దొరికిందన్నట్టు.”

మరిపెడలో సరోజన అత్తకు ఈ బావి కథంతా తెలుసు. కోడలిని గొడ్రాలు అనడానికి ఆమె ఆ ఊరి బావినొక సాక్ష్యంగా పెట్టుకుంది. ఆయన ఒకనాడు అల్లుణ్ని ఎవరికీ చెప్పకుండా హన్మకొండకు పిలిపించి, తెలిసిన డాక్టరు దగ్గర పరీక్ష చేయించాడు. లోపం అతనిదే. రోడ్డు పక్కన సైకిల్ షాపు నడుపుకునే కుర్రవాడు, కాగితం చూసి మామ కాళ్లు పట్టుకున్నాడట. బయటికి తెలిస్తే ఉరేసుకుంటానన్నాడట. ఎవరికీ చెప్పనని మైకు సారు మాటిచ్చాడు. సరోజనకు మాత్రం అల్లుడే ఎప్పుడో చెప్పుకున్నాడు. ఆమె కూడా నోరు మెదపలేదు. మాటిచ్చిన మూడేళ్లకు ఒకనాడు చాయ్ హోటల్లో కూర్చుని, నీకొక్కనికే చెప్తాన అని ఆయన నాతో ఇదంతా చెప్పాడు. చాయ్ చల్లారిపోయింది. జిల్లా అంతటికీ మాట చేరవేసే మనిషి, తన బిడ్డ మీద పడ్డ నింద ఒక్కటి తుడవలేక కూర్చున్నాడు.

ఏడేళ్లు తిరిగాయి. జీపు మారింది, దాని మీద త్రికోణం పోయింది. వానలు పడగానే అదే ఊళ్లో మళ్లీ గత్తర. ఈసారి పడ్డవాళ్లు ఎక్కువగా పిల్లలు. పొడి బకెట్టు పట్టుకుని వెళితే కొమురవ్వ బావి గిరక మీద చెయ్యి వేసి నిలబడింది. వెనక ఊరంతా ఉంది. ఆమె గొంతు పెంచలేదు.

“నీ మాట మీద ఒక్కసారి తాగినం సారు. నీ బిడ్డ గూడ తాగింది. ఏడేండ్లాయె, ఒళ్లె పిల్ల లేదు. ఇంకేం చెప్తవ్?”

ఆయన ఎడమచెయ్యి అలవాటుగా చెవి దాకా వెళ్లి, కిందికి దిగింది. బకెట్టు పట్టుకుని అలాగే వెనక్కి వచ్చేశాం. జీపులో నేను ఉండబట్టలేక, “సార్, ఆ మందు అన్న మాట నాదే” అన్నాను. ఏడేళ్లుగా నన్ను కొరుకుతున్న మాట అది.

“రాసింది నువ్వే గని, సదివింది నేను గద తమ్మీ” అన్నాడు.

సరోజన అప్పుడు హన్మకొండలోనే ఉంది. అత్త పోరు పడలేక నెలకోసారి వచ్చిపోతుండేది. ఆ సాయంత్రం ఆయన ఆఫీసులో ఉన్నాడని చూసుకుని వాళ్లింటికి వెళ్లి, జరిగింది ఆమెకు చెప్పాను. ఆయనకు చెప్పకుండా చెప్పాను. అది మంచిదో చెడ్డదో ఈ రోజు దాకా తేల్చుకోలేకపోయాను.

“ఎంతమంది పడ్డరన్నా?” అని అడిగింది.

“తొమ్మిదిమంది. అండ్ల పిల్లలే ఎక్కువ.”

“కొమురవ్వ మనుమడు?”

“వాడు గూడ.”

ఆమె లేచి లోపలికి పోయింది.

మర్నాడు మేము మళ్లీ వెళ్లి బావి దగ్గర ఎవరినో బతిమాలుతుండగా సరోజన బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. మైకు సారు ఎదురు పోయాడు.

“ఎందుకచ్చినవ్ బిడ్డా?”

“నీళ్లు తాగనీకి అచ్చిన బాపూ.”

“నేను మాటిచ్చిన బిడ్డా” అన్నాడు మెల్లగా. నాకూ ఆమెకూ తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

“నువ్విచ్చినవ్. నేనియ్యలే.”

సరోజన కొమురవ్వ ఎదుటికి పోయి నిలబడింది. “అవ్వా, నాల ఏ లోపం లేదు. మా ఆయనల ఉన్నది. దవాఖానల పరీక్ష చేసి కాయితం ఇచ్చిండ్రు. బాపు పెట్టెలకెల్లి తెచ్చిన, ఇగో. మీ బాయి నన్నేం చెయ్యలే.”

ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కొమురవ్వ ఆ కాగితం వైపు చూడలేదు. ఆమెకు చదువు రాదు. “మొగోనికి గూడ ఉంటదా గట్ల?” అంది. తర్వాత మైకు సారు వైపు తిరిగింది. “నిజమేనా సారు? నువ్వు చెప్పు.”

ఆయన మాట నమ్మడం మానేసిన మనిషి, ఆ క్షణాన మళ్లీ ఆయన్నే అడిగింది. అటు ఇచ్చిన మాట, ఇటు మంచాల మీద పిల్లలు, నడుమ బిడ్డ కాపురం. నేనైతే కళ్లు దించుకున్నాను.

“నిజమే అక్కా” అన్నాడు. మైకు జీపులోనే ఉంది.

కొమురవ్వ గిరక మీది చెయ్యి తీసింది. ఆ పూటే పొడి కలిపాం. గంట ఆగి మొదటి బిందె ఆమే చేది, సరోజనకు ఇవ్వబోయి, ముందు తాను తాగింది. వారం తిరిగేసరికి కొత్తగా పడేవాళ్లు లేరు. ఆమె మనుమడు లేచి గంజి తాగాడు. ఎవరూ పోలేదు.

ఆ మాట మరిపెడ చేరడానికి మైకు అవసరం లేకపోయింది. అల్లుడు ఉరేసుకోలేదు. మాట్లాడటం మానేశాడట. ఆ ఊళ్లో గత్తర తగ్గాక ఒక ఆదివారం సరోజన మరిపెడ బస్సెక్కింది. వద్దన్నా వినలేదు. “నేనే పోయి చెప్పుకుంట, నా మొగడే గద” అంది. ఎక్కించడానికి మైకు సారుతోపాటు నేనూ వెళ్లాను. బస్సు పోయాక, పోదాం పదండి సార్ అన్నాను. “నువ్వు పో తమ్మీ. జరసేపు కూసుంట” అన్నాడు.

సాయంత్రం ఏదో పని మీద అటు వెళితే ఆయన బస్టాండులో అదే బల్ల మీద ఉన్నాడు. పొద్దుటి నుంచి కదిలినట్టు లేడు. పలకరించి పక్కన కూర్చున్నాను. మరిపెడ నుంచి బస్సు వచ్చి ఆగింది. అందరూ దిగాక చివర సరోజన దిగింది. పొద్దున చేతిసంచితో పోయిన మనిషి, పెళ్లప్పుడు పెట్టిన ట్రంకుపెట్టె ఈడ్చుకుంటూ దిగింది.

ఆయన లేచి వెళ్లి పెట్టె అందుకుని భుజాన పెట్టుకున్నాడు. ఆమె ఏదో చెప్పబోయింది.

“నడువు బిడ్డా” అన్నాడు. “మాపటికి నీకు గూడ బువ్వ అండుమని మీ అమ్మకు పొద్దుగాలనే చెప్పి అచ్చిన.”